నూట పన్నెండు మెట్లు

నలభై ఒకటి అనుకుని సవేత రెండో కాలు కూడా అదే మెట్టు మీదికి తెచ్చుకుంది. కుడిచేత్తో పై కమ్మీని పట్టుకుని, పట్టు దొరికిందో లేదో ఒకసారి లాగి చూసుకుని, అప్పుడు ఎడమచేతిని వదిలింది. నలభై రెండు. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. రేవు దీపాల వెలుగులో నిచ్చెన ఇనుము మీద మంచు నూగులా పేరుకుని తెల్లగా మెరుస్తోంది. చేతితొడుగు ఆనించినప్పుడల్లా అది చిన్నగా కరకరమంటోంది. ఆ చప్పుడు ఆమెకు అరికాళ్ళలో వినబడుతోంది.

క్రేన్ గది నేలకు నూట పన్నెండు మెట్ల ఎత్తున ఉంది. ముప్పై ఆరేళ్ళుగా, సెలవు రోజులు పోను, ప్రతి ఉదయమూ ఆమె వాటిని ఇలాగే ఎక్కింది. కింద బ్రయిలా రేవు, రేవును ఒరుసుకుంటూ డాన్యూబ్ నది, నదికి అవతల ఏమీ లేని చిత్తడి నేల, దాని చివర మాచిన్ కొండలు. పైనుంచి చూస్తే చాలా బాగుంటుందని అందరూ అంటారు. ఆమె ఒక్కసారీ చూడలేదు.

సవేతకు యాభై ఏడేళ్ళు. పొట్టి మనిషి. భుజాలు మాత్రం మగవాడి భుజాల్లా వెడల్పు. అరచేతుల్లో కాయలు కాచి గట్టిపడ్డ చర్మం రెండు వరుసలుగా ఉంటుంది. అవి క్రేన్ మీటలు నడిపి వచ్చినవని ఊరంతా అనుకుంటుంది. మీటలు మెత్తనివి, వేలితో తోస్తే కదులుతాయి. కాయలు నిచ్చెనవి. పట్టుకోవలసినదానికి మూడింతలు గట్టిగా పట్టుకోవడం వల్ల వచ్చినవి. రాత్రి నిద్రలో కూడా ఆమె పిడికిళ్ళు బిగిసే ఉండేవి. భర్త తుదోర్ ఉన్న రోజుల్లో వాటిని ఒక్కొక్క వేలే విప్పి దుప్పటి కింద పెట్టేవాడు. పొద్దునకు మళ్ళీ బిగిసి ఉండేవి.

ఇరవై ఒకటో ఏట ఈ పనిలో చేరింది. అప్పుడు పాత ప్రభుత్వం చివరి రోజులు. రేవులో క్రేన్ నడిపే ఆడవాళ్ళకు కొత్త అంతస్తుల ఇళ్ళలో గది ఇస్తామన్నారు. అమ్మ పక్షవాతంతో ఇంకొకరి వంటింట్లో మంచం పట్టి ఉంది. సవేత దరఖాస్తు రాసింది. ఎత్తంటే భయమా అని దానిలో ఒక ప్రశ్న ఉంది. లేదు అని రాసి, ఆ కాగితం మీద కన్నీటి చుక్క పడితే ఊదుకుంటూ ఆరబెట్టింది. ఆరో అంతస్తులో, నది కనబడే గది ఇచ్చారు. నెల తిరక్కుండా దాన్ని నేల అంతస్తులో చెత్తగది పక్కనున్న చెమ్మ గదికి మార్చుకుంది. మోకాళ్ళ నొప్పులని చెప్పింది. రోజూ నూట పన్నెండు మెట్లు ఎక్కేదానికి ఇంటికి వచ్చేసరికి మోకాళ్ళ నొప్పులేమిటని తుదోర్ చాలా రోజులు మొహం ముడుచుకున్నాడు. కానీ సారాకొట్లో మాత్రం తన పెళ్ళాం మబ్బుల్లో కాపురం ఉంటుందని గొప్పలు చెప్పుకునేవాడు. పడవ మీద సరంగు అతను. భయమనేది ఎరగని మనిషిని పెళ్ళాడానని నమ్మి, అదే నమ్మకంతో తొమ్మిదేళ్ళ కిందట పోయాడు. పిల్లలు లేరు.

ఒకసారి పైకి వెళ్తే మధ్యలో దిగాల్సిన పని పడకూడదని నిద్ర లేచినప్పటి నుంచి ఆమె నీళ్ళు తాగదు. నోట్లో ఒక రొట్టె పెచ్చు పెట్టుకుని ఎక్కుతుంది. గదిలో కూర్చున్నాక కళ్ళు ఒకేచోట నిలుపుతుంది. ముప్పై మూడేళ్ళ పాటు ఆ ఒక్కచోటు ఒలింపియా చెయ్యి. కింద నిలబడి సరుకుకు కొక్కెం తగిలించి, ఎత్తమనీ దించమనీ ఆపమనీ చేతితో సైగ చేసేది ఒలింపియా. ఆ చెయ్యి ఉన్నంతసేపూ కింద నేల అనేది ఉన్నట్టు సవేతకు తోచేది కాదు. ఒలింపియా రిటైరై మూడేళ్ళయింది. ఆమె స్థానంలో వచ్చినాయన లారీ చాటున వెచ్చగా నిలబడి వాకీటాకీలో చెబుతాడు. గొంతు ఒక్కటే వస్తుంది, మనిషి కనబడడు. అప్పటి నుంచీ కళ్ళు ఎక్కడ నిలపాలో ఆమెకు తెలియడం లేదు.

ఆ రోజు పని మామూలుగానే సాగింది. రైలు పెట్టెల్లోంచి ఇనప చుట్టలు తీసి గట్టు మీద పేర్చారు. రెండు గంటలకు దిగడం మొదలుపెట్టింది. పై నుంచి లెక్క తగ్గించుకుంటూ రావాలి. అరవై మూడు దగ్గర కాలు జారింది.

పడలేదు. రెండు చేతుల మీద వేలాడి, మోకాలితో కమ్మీని వెతుక్కుని, మళ్ళీ కాలు ఆనించింది. అంతా కలిపి ఒక ఊపిరి తీసేంత సేపు. కానీ ఆ తర్వాత ఆమె కదలలేకపోయింది. చెంప కమ్మీకి ఆనించి కళ్ళు మూసుకుంది. చెంప చర్మం ఇనుముకు అంటుకుంటోందని తెలుస్తూనే ఉంది. అరవై రెండు అనాలి, కాలు దించాలి. నోట అంకె రావడం లేదు. తొడలు వాటంతటవే వణుకుతున్నాయి. ఆ వణుకు నిచ్చెనకు పాకి, నిచ్చెన ఊగుతోందనిపించి ఇంకా వణికింది. కింద నుంచి మేస్త్రీ కోస్తాకె, ఏమైంది సవేతమ్మా అని అడిగాడు. ఒక మెట్టు వదులైనట్టుంది, చూస్తున్నాను అని అబద్ధం చెప్పింది. అతను సరేనని వెళ్ళిపోయాడు. ఇరవై నిమిషాలు పట్టింది ఆమెకు అరవై రెండు అనడానికి.

నేల మీదికి వచ్చాక చెంప మీద చర్మం ఎర్రగా ఊడి ఉంది. రేపు కూడా ఏడు గంటలకు ఎక్కాలి. పింఛనుకు ఇంకా పదకొండు నెలలున్నాయి. రేపు పడిపోతాను అనుకుంది. ఎవరో చెప్పిన కబురులా, వాదించడానికి వీల్లేనంత తేటగా తెలిసింది.

*

ఆ రోజు గురువారం. గురువారాలు మూడు గంటలకు సవేత, ఒలింపియా, ఇంకొకామె, ముగ్గురూ నది ఒడ్డున నడుస్తారు. ఎండాకాలమైనా చలికాలమైనా ఇరవై ఏళ్ళుగా అదే ఏర్పాటు. పై దారిన దీపస్తంభాల వెంట వెళ్ళి, రాతిమెట్లు దిగి కింది దారికి చేరి, పాత పడవల రేవు దాకా పోయి వెనక్కి రావడం. మూడో మనిషి అనేతా. రేవు క్యాంటీన్‌లో ముప్పై ఏళ్ళు గరిటె తిప్పిన మనిషి. ఊళ్ళో ఎవరు పోయారో, ఎవరు పోబోతున్నారో ఆమెకు తెలిసినట్టు చర్చి గురువుకు కూడా తెలియదు.

సవేత వచ్చేసరికి వాళ్ళిద్దరూ కాగితం పొట్లంలో పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ నిలబడి ఉన్నారు. ఒలింపియా నల్లటి పొడుగు కోటులో బీరువాలా ఉంది. ఈ మధ్య కాళ్ళు వాచి బూట్లు పట్టక మగవాళ్ళ బూట్లు వేసుకుంటోంది. అనేతా దూరం నుంచే చూసింది.

"అదిగో మన ఆకాశరాణి. నేల మీద ఎలా నడవాలో మర్చిపోయిందే పాపం, చూడు ఆ నడక." దగ్గరికి వచ్చాక చెంప చూసి గొంతు మార్చింది. "ఎవడే కొట్టింది?"

తలుపు తగిలిందని సవేత చెప్పింది. ఒలింపియా ఆ చెంప వైపు ఇంకాసేపు చూసింది.

నడిచారు. నది మీద మంచు పలకలు మూడు రోజులుగా కొట్టుకొస్తున్నాయి. ఒక్కొక్కటి గది నేలంత వెడల్పు. అవి ఒకదాన్నొకటి రాసుకుంటూ పళ్ళు నూరుతున్నట్టు ఆగకుండా చప్పుడు చేస్తున్నాయి. సవేత గోడ వైపున, నదికి వీలైనంత దూరంగా నడిచింది. అనేతా మాట్లాడుతోంది. నాలుగో వీధిలో రొట్టెల కొట్టాయన పోయాడట, మంచం మీంచి చెప్పులు వెతుక్కోవడానికి వంగి అలాగే పోయాడట. సవేతకు ఒక్క ముక్కా చెవిలోకి వెళ్ళడం లేదు. అడుగు పెట్టిన చోటల్లా నేల గట్టిగా ఉందో లేదో బూటు కొనతో తడిమి చూసుకుంటోంది. నేల మీద కూడా ఇలా నడవడం ఇదే మొదటిసారని గ్రహించింది. ఇన్నాళ్ళూ భయం నిచ్చెన దగ్గరే ఉండేది. కాలు నేలకు ఆనగానే వదిలేది. ఇవాళ అది ఆమెతో పాటు దిగి వచ్చింది.

ఒలింపియా ప్రతి దీపస్తంభం దగ్గరా ఆగుతోంది. ఆగి, స్తంభానికి చెయ్యి ఆనించి, మంచు పలకలు ఎంత పెద్దవో చూడండంటోంది. మూడోసారి ఆగినప్పుడు అనేతా, నీ గుండెకు డాక్టరిచ్చిన మాత్రలు వేసుకుంటున్నావా లేదా అని నిలదీసింది.

"గుండె కాదే, బొజ్జ. నీ వంట తిన్న ముప్పై ఏళ్ళూ ఇప్పుడు మోస్తున్నా."

అనేతా నవ్వింది. సవేతా నవ్వబోయింది కానీ చెంప మండింది.

రాతిమెట్ల దగ్గరికి వచ్చాక అందరూ ఆగారు. పగలు కరిగిన మంచు మెట్ల మీదికి కారి మళ్ళీ గడ్డకట్టింది. పై నుంచి కింది దాకా అద్దం పోసినట్టుంది. నా మోకాళ్ళకు ఈ ఆట వద్దు అని, అనేతా బళ్ళు దిగే వాలు దారిన చుట్టు తిరిగి వెళ్ళింది. కింద టీ కొట్టు మూసేలోపు మూడు గ్లాసులు చెప్పి ఉంచుతానంది. ఆమె టోపీ మలుపు తిరిగి కనుమరుగైంది.

ఇద్దరే మిగిలారు. ఒలింపియా పిట్టగోడకు ఒరిగి ఊపిరి తీసుకుంటోంది. పెదాల చుట్టూ చర్మం నీలంగా ఉంది. చలికేమో అనుకుంది సవేత. ఇప్పుడు చెప్పకపోతే ఇంక ఎప్పటికీ చెప్పలేననుకుంది.

"అక్కా, రేపు నేను ఎక్కలేను."

"ఎక్కకు."

"నీకు అర్థం కాలేదు. జ్వరం కాదు, నొప్పి కాదు. నాకు భయం. ఇవాళ్టిది కాదు. మొదటి రోజు నుంచీ."

ఒలింపియా నది వైపే చూస్తోంది. "తెలుసు."

కింద మంచు పలకలు నూరుకుంటున్నాయి.

"నువ్వొచ్చిన వారమే తెలిసింది. పైకెక్కేవాళ్ళ మొహం నాకు కనపడదు, కాళ్ళు కనపడతాయి. అందరూ మెట్టుకో కాలు వేసి ఎక్కుతారు. నువ్వు రెండు కాళ్ళూ ఒకే మెట్టు మీదికి తెచ్చుకుంటేగానీ ఇంకోటి ఎక్కవు, చంటిపిల్లలాగా."

"ముప్పై ఆరేళ్ళు," అంది సవేత. "ముప్పై ఆరేళ్ళు నాకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను. మా ఆయనక్కూడా చెప్పలేదు. నీకు తెలిసీ ఒక్క మాట అడగలేదు."

ఆమెకు కోపం వచ్చింది. ఇంత కోపం తనలో ఉందని ఆమెకే తెలియదు. ఒకే ఒక్క మాట, నీకు భయంగా ఉంది కదూ అని ఒకే ఒక్క మాట ఎవరైనా అని ఉంటే, ఆ గదిలో ఒంటరిగా కూర్చున్న గంటల్లో సగం గంటలు వేరేగా ఉండేవి.

ఒలింపియా కుడిచేతి తొడుగు పళ్ళతో పట్టి లాగింది. బూడిదరంగు ఉన్ని తొడుగు. దాన్ని మెట్ల పక్కనున్న ఇనప కడ్డీ కొనకు తగిలించి, ఒట్టి చేతిని సవేత ముందు చాపింది. తర్వాత రెండోదీ విప్పి కోటు జేబులో కుక్కి, ఆ చేతిని కూడా చాపింది. పది వేళ్ళు. వంకరగా, కీళ్ళు ఉబ్బి, గోళ్ళు పసుపెక్కిన పది వేళ్ళు.

"రేవులో కొక్కెం పని చేసిన వాళ్ళని ఎవరినైనా చూడు. యోనెల్‌కి మూడు లేవు. పరస్కీవాకి బొటనవేలు లేదు. గ్రిగోరే సంగతి నీకు తెలుసు, అతనికి చెయ్యే లేదు. క్రేన్ మీద ధైర్యవంతులు కూర్చుంటే కింద ఉన్నవాళ్ళ గతి అది. సరుకు ధబాల్న దించేస్తారు. నువ్వు భయస్తురాలివి కాబట్టి పసిబిడ్డని పక్క మీద పడుకోబెట్టినట్టు దించేదానివి. నా వేళ్ళు పదీ నాకున్నాయంటే నీ భయం వల్ల." కాసేపు ఊపిరి కోసం ఆగింది. "అడిగితే నువ్వు దిగిపోయేదానివి. నిన్ను పోగొట్టుకోవడం ఇష్టం లేక అడగలేదు. మంచితనం కాదది. నా వేళ్ళ కోసం."

సవేతకు కోపం పోలేదు. కానీ ఆ వేళ్ళను చూస్తుంటే కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"రేపు కోస్తాకెతో చెప్పు. భయమని చెప్పు. మోకాళ్ళనీ తలుపులనీ చెప్పకు," అంది ఒలింపియా. "పద, టీ చల్లారిపోతుంది."

వాలు దారిన వెళ్దామని సవేత బతిమాలింది. అంత దూరం చుట్టు తిరిగే ఊపిరి తనకు లేదంది ఒలింపియా. ముందు తాను దిగుతానంది. ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కో మెట్టే ఆ పెద్ద శరీరాన్ని దించుకుంది. చాలాసేపు పట్టింది. సవేత పైన నిలబడి ప్రతి అడుగుకూ ఆమెతో పాటు పడిపోతూ వచ్చింది. చివరికి కింది దారి మీద ఒలింపియా నిలబడి వెనక్కి తిరిగింది. కోటు గుండీలు సర్దుకుంది. కుడిచెయ్యి పైకెత్తింది.

అరచెయ్యి నేల వైపు. వేళ్ళు నెమ్మదిగా కిందికి, కిందికి. దించు, మెల్లగా.

సవేత కాళ్ళు కదిలాయి. మెట్ల వైపు చూడలేదు. అద్దంలా మెరుస్తున్న రాయిని చూడలేదు, కుడివైపు నల్లటి నీళ్ళనూ చూడలేదు. చెయ్యి చూసింది. రెండు కాళ్ళూ ఒక మెట్టు మీదికి తెచ్చుకుని, మళ్ళీ ఇంకోటి. మధ్యలో ఒకచోట మడమ జారింది. కింద పిడికిలి బిగిసింది. ఆగు. ఆగింది. భయం తగ్గలేదు. పిడికిలి విచ్చుకుంది. మెల్లగా, ఇంకా మెల్లగా. ముప్పై నాలుగు మెట్లు అలా దిగింది. ఆఖరి మెట్టు దిగగానే ఒలింపియా రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా కలిపింది. అది పని అయిపోయిందని చెప్పే సైగ. మధ్యాహ్నం రెండు గంటల బూర మోగినప్పుడు రోజూ చేసేది.

"చూశావా, ఎవరూ చావలేదు," అని ఒలింపియా అక్కడే ఉన్న బల్ల మీద కూర్చుంది.

సవేత పక్కనే కూర్చుని కళ్ళు తుడుచుకుంది. చెప్పాల్సింది చాలా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కుని, తుదోర్ తన పిడికిళ్ళు విప్పేవాడన్న సంగతితో మొదలుపెట్టింది. నెమ్మదిగా, తడుముకుంటూ చెప్పింది. ఆరో అంతస్తు గది గురించి చెప్పింది. పొద్దుట నుంచి నీళ్ళు తాగకపోవడం గురించి చెప్పింది. ఇవాళ అరవై మూడో మెట్టు దగ్గర ఏం జరిగిందో చెప్పింది. ఒలింపియా అడ్డం రాలేదు. భుజం ఆమె భుజానికి బరువుగా ఆని ఉంది. ఆ బరువు వెచ్చగా, ధైర్యంగా అనిపించింది.

అనేతా మూడు గ్లాసులు అట్టమీద పెట్టుకుని వచ్చింది. రెండడుగుల దూరంలో ఆగిపోయింది. అట్ట వంగి టీ మంచు మీద ఒలికింది.

"సవేతా," అంది చాలా మెల్లగా, "మాట్లాడటం ఆపవే. అక్క లేదు."

*

ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. టీ కొట్టు మనిషి ఫోను చేశాడు. ఆంబులెన్సు కింది దారిన వచ్చింది. ఒలింపియా చేతులు ఒడిలో ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి. సవేత వాటిని పట్టుకుని కూర్చుంది. తీసుకెళ్ళేవాళ్ళు వచ్చి అమ్మా వదలండి అన్నప్పుడు సవేత వేళ్ళు విచ్చుకోలేదు. అనేతా వచ్చి ఒక్కొక్కటే విప్పింది.

మరునాడు ఉదయం ఏడుకు ఐదు నిమిషాలుండగా సవేత నిచ్చెన మొదట్లో నిలబడింది. తల ఎత్తి పైకి చూసింది. కోస్తాకె వచ్చాడు. కబురు అతనికీ తెలిసింది. ఇవాళ సెలవు తీసుకోమన్నాడు.

"సెలవు కాదు బాబూ. నాకు ఎత్తంటే భయం. ఇంక ఎక్కను."

అతను దుఃఖంలో అంటోందనుకుని ఓదార్చబోయాడు. ఆమె తొడుగులు తీసి అరచేతులు చూపించింది. ఎప్పటి నుంచీ అని అడిగాడు. చెప్పింది. అతను ఆమె అరచేతుల వైపు మరోసారి చూసి, గిడ్డంగిలో తాళ్ళూ గొలుసులూ చూసుకునే పని ఉందన్నాడు, జీతం తక్కువన్నాడు. సరేనంది. ఆ మాట నోట వచ్చాక భయం వదులుతుందనుకుంది. వదల్లేదు. నేల మీద, గిడ్డంగి తలుపు దగ్గర, చుట్టూ నాలుగు గోడల మధ్య, ఇంక ఏ చెయ్యి వైపు చూడాలో తెలియక ఆమెకు భయమే వేసింది.

శనివారం ఒలింపియాను మట్టి చేసి వచ్చాక, అనేతాకు చెప్పకుండా ఒక్కతే నది ఒడ్డుకు వెళ్ళింది. మంచు పలకలు ఆగిపోయాయి. నది ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా గడ్డకట్టి నిశ్శబ్దంగా ఉంది. రాతిమెట్ల మీద ఎవరో బూడిద చల్లారు. మెట్ల పైన ఇనప కడ్డీ కొనకు బూడిదరంగు ఉన్ని తొడుగు అలాగే ఉంది, లోపలికి మంచు దూరి గట్టిపడి, ఐదు వేళ్ళూ నిండుగా, ఎవరికోసమో పైకెత్తిన చెయ్యిలా.